నాలుగో మెషిన్ దగ్గర మాట అందించే పని నాకే ఇప్పించవలెనని

శిక్షణాధికారి గారికి,
బకెట్ల కర్మాగారం,
పై అంతస్తు, అద్దాల గది.

అయ్యా,

విషయం: నాలుగో నంబరు మెషిన్ దగ్గర షిఫ్టు మాట అందించే పని నా నుండి తీసి నా తోటి అమ్మాయికి ఇచ్చినందున, దానిని నాకు తిరిగి ఇప్పించుట గురించి, అది వీలుకానిచో ఆమెకు కూడా లేకుండా చేయుట గురించి.

పై విషయమును పురస్కరించుకొని తమకు మనవి చేసుకొనునది ఏమనగా, నేను తమ కర్మాగారంలో శిక్షణ పొందుతున్న పాలిటెక్నిక్ కుర్రవాడిని. నాలుగో మెషిన్ నడిపే పొద్దుటి షిఫ్టు ఆపరేటరు మా అమ్మకు స్వయానా తమ్ముడు, అనగా నాకు మేనమామ. చదువు కోసం ఆయన ఇంట్లోనే ఉంటున్నాను. ఈ సంగతి దాచిపెట్టి అర్జీ రాయడం న్యాయం కాదు గనుక ముందే తెలియజేస్తున్నాను.

నెలాఖరుకు మామయ్య కొత్త షెడ్డులోని పెద్ద మెషిన్‌కు మారుతున్నారు. శిక్షణలో ఉన్నవారిలో ఒక్కరిని వెంట తీసుకువెళ్లవచ్చునని తమరే ఉత్తర్వు ఇచ్చారు. ఎవరిని అన్నది మామయ్యే చెప్పాలి. ఆయన ఇంకా చెప్పలేదు. నాకు భయంగా ఉంది. (ఈ చివరి వాక్యం అర్జీలో ఉండదగినది కాదని తెలుసు. కొట్టివేస్తే కాగితం అసహ్యంగా ఉంటుందని ఉంచాను.)

నా ఫిర్యాదులు ఈ క్రింది విధముగా ఉన్నవి.

1. మెషిన్లు నడిచే చోట మాట వినిపించదని తమకు తెలియనిది కాదు. ప్లాస్టిక్ గింజలు తొట్టిలో పడే గలగల, అచ్చు మూసుకునే చప్పుడు, గాలి వదిలే బుస, అన్నీ కలిసి మనిషి మాటను నోరు దాటనివ్వవు. అందుకే మా విభాగంలో ఒక పద్ధతి ఉంది. పొద్దుటి షిఫ్టు ఆపరేటరు దిగిపోయే ముందు మెషిన్ సంగతి శిక్షణలో ఉన్నవారికి చెబుతారు. మా వేళలు రెండు షిఫ్టులకూ మధ్య పడతాయి గనుక ఆ సంగతిని మేము మధ్యాహ్నపు షిఫ్టుకు చేరవేస్తాం. విన్నవాడు విన్నది తిరిగి చెప్పాలి. అది సరిగా ఉంటే చెప్పినవాడు "అందింది" అనాలి. ఆ మాట పడేదాకా వెళ్లేవాడు చేతి తొడుగులు విప్పకూడదు, వచ్చినవాడు మీట ముట్టుకోకూడదు. ఇది ఏ గోడ మీదా రాసి లేదు. మామయ్య తరం వాళ్లు తమలో తాము పెట్టుకున్నది.

చేరిన మొదటి రోజునే నేను ఈ పద్ధతితో ప్రేమలో పడ్డాను. ఒకరి మాటను ఇంకొకరి నోట విని, అవును, నేనన్నది ఇదే అని ఒప్పుకోవడం కన్నా పెద్ద మర్యాద మనుషుల మధ్య ఉంటుందని నాకు తోచదు. మాట అందించే పనికి మామయ్య నన్ను పిలిచిన రోజు ఇంటికి వెళ్లేదాకా నా కాళ్లు నేల మీద లేవు.

2. ఈ పద్ధతిలో నాకు కనిపించిన ఒకే ఒక లోపం భాష. "నీళ్లు తక్కువొస్తున్నాయ్, చూస్కో" అనేవారు మామయ్య. నేను దానిని "చల్లటి నీటి ధార సన్నగిల్లింది, కనిపెట్టుకొని ఉండండి" అని చేర్చేవాడిని. అర్థంలో తేడా లేదు. అందంలో ఉంది. మధ్యాహ్నపు ఆపరేటరును అందరూ పొడుగన్న అంటారు. గాలి గొట్టం కింద తల వంచి నడిచేవాడు షెడ్డు మొత్తం మీద ఆయన ఒక్కడే. నన్ను చూడగానే "ఏదీ, ఇవాళ్టి పద్యం చదువు" అనేవాడు. మామయ్య నన్ను "కవి అల్లుడూ" అని పిలిచేవారు. దానిని అప్పుడు మెచ్చుకోలుగానే తీసుకున్నాను. ఇప్పుడూ అలాగే తీసుకుంటున్నాను.

3. ఇక జరిగిన సంఘటన. తమ వద్దనున్న నివేదికలో ఇది "స్వల్ప ప్రమాదము" అని రెండు పంక్తులలో ఉంటుంది. పూర్తిగా ఉండవలెనని ఇక్కడ రాస్తున్నాను.

ఆ రోజు మామయ్య నాతో అన్న మాటలు ఇవి: "అచ్చు కుడిపక్క కాలిపోతోంది. బకెట్ ఇరుక్కుంటే చెయ్యి పెట్టొద్దను. ఆపి, చల్లారాక తియ్యమను." నేను ఉన్నది ఉన్నట్టే తిరిగి చెప్పాను. ఆయన "అందింది" అని తొడుగులు విప్పి వెళ్లిపోయారు. పొడుగన్న బట్టలు మార్చుకొని వచ్చేదాకా ఆ మాటలు నా దగ్గర ఉన్నాయి. వాటిని తెచ్చినవి తెచ్చినట్టే ఇచ్చేయడానికి మనసు ఒప్పలేదు. "అచ్చు కుడి చెంప వేడెక్కి ఉన్నది, దానితో ఓర్పుగా, సుతారంగా మెలగవలెను" అన్నాను. పొడుగన్న శ్రద్ధగా విని తిరిగి చెప్పాడు: కుడి చెంప వేడెక్కింది, ఓర్పుగా, సుతారంగా మెలగాలి. నేను కట్టిన వాక్యం అక్షరం జారకుండా మరొకరి నోట వినడం నాకు అదే మొదటిసారి. "అందింది" అన్నాను.

బకెట్ ఇరుక్కుంది. పొడుగన్న సుతారంగా చెయ్యి పెట్టాడు.

తొడుగు ఉన్నందున అరచేతిలో బొబ్బతో పోయింది. మందు రాయించుకుంటున్న గదికి నేను పరుగెత్తుకు వెళితే, ఆయన నా ముఖం చూసి నవ్వాడు. "వాక్యం బాగుందిరా తమ్ముడూ. అందుకే చెయ్యి పెట్టాను" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

నా పని తీసివేయడాన్ని నేను ప్రశ్నించడం లేదు. తీసినది ఎవరి ఒడిలో పడిందన్నదే నా ప్రశ్న.

4. ఆ పని నా తరగతి అమ్మాయికి ఇచ్చారు. మా విభాగంలో శిక్షణకు వచ్చినది మేమిద్దరమే. షెడ్డులో ఆమెను చిలకమ్మ అంటారు, విన్నది విన్నట్టే పలుకుతుందని. ఒక మాట కలపదు, ఒక మాట తీయదు. తరగతిలో వ్యాసం రాయమంటే అరపేజీ దాటని మనిషి. "కాలిపోతోంది" అంటే "కాలిపోతోంది" అనే చెబుతుంది. మనసులో మరో మాట మెదిలినట్టు కూడా ముఖంలో కనపడదు. ఇదేమి ప్రతిభ అని నేను మొదట అనుకున్నాను.

తిరిగి చెప్పించుకున్నాక కూడా ఆమె వదలదు. "సరే అన్నా, ఇరుక్కుంటే ముందు ఏం చేస్తావ్?" అని అడుగుతుంది. మొదటిసారి అడిగినపుడు పొడుగన్న, "ముందు ఆపుతాను తల్లీ, ఆపి నీకో దణ్ణం పెడతాను" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. నేను నవ్వలేదు. విన్నవాడు మాటను అప్పజెబితే చాలదు, చేతులతో ఏం చేయబోతున్నాడో కూడా చెప్పించాలన్న ఆలోచన నాకు ఎందుకు రాలేదని అప్పటి నుండి కుమిలిపోతున్నాను. అంత చిన్న ప్రశ్న. అందులో ఒక్క అందమైన మాట లేదు.

ఆమె వచ్చాక నాలుగో మెషిన్ దగ్గర పాడైన బకెట్లు తగ్గాయని గేటు పక్కన బోర్డు మీద ప్రకటించారు. ఆ బోర్డు రాసే పని నాది. నా చేతనే రాయించారు. పెద్ద అక్షరాలతో.

5. మామయ్య దగ్గర పసుపుపచ్చ చెవి మూతలు ఒక జత ఉన్నాయి. తల మీది పట్టీ విరిగితే రాగి తీగతో కట్టుకొని వాడారు, కొత్తవి వచ్చినా పారేయలేదు. అవి నాకే ఇస్తానని అత్తయ్య ఎదుట అన్నారు. పోయిన వారం వాటిని ఆ అమ్మాయి తల మీద చూశాను. ఆమె తల చిన్నది. అవి జారిపోతుంటే మోచేత్తో ఎగదోసుకుంటూ పని చేస్తోంది. నా తలకు సరిగ్గా పట్టేవి. కొలిచి చూసుకున్నాను కనుక చెబుతున్నాను.

6. చెవి మూతలు పెట్టుకున్నవాడు ఎదుటి మనిషి మాట వినదలిస్తే కుడి చెవి మీది మూతను రెండు వేళ్లతో ఎత్తుతాడు. మా షెడ్డులో అంతకు మించిన గౌరవం లేదు. తమరు తనిఖీకి వచ్చినపుడు కూడా కొందరు ఎత్తరు, వినిపించినట్టు తల మాత్రం ఊపుతారు. (ఈ సంగతి తమకు ఇప్పుడే తెలిసినట్లయితే మన్నించవలెను.) ఆ అమ్మాయి ఇంకా అల్లంత దూరాన ఉండగానే మామయ్య మూత ఎత్తి సిద్ధంగా ఉంటారు. "చెప్పు తల్లీ" అంటారు. పెదవుల కదలిక బట్టి నాకు తెలుస్తుంది.

నాకు ఎత్తడం మానేశారు. నేను దగ్గరికి వెళితే సైగ చేస్తారు. గింజలు పొయ్యి. చెత్త తియ్యి. పక్కకు జరుగు. ఆయన సైగలు చాలా స్పష్టంగా ఉంటాయి. ఒక్కటీ నాకు తప్పుగా అర్థం కాలేదు. తప్పుగా అర్థమైతే కనీసం మళ్లీ చెప్పేవారు.

7. ఈ ఫిర్యాదును ప్రత్యేకంగా పరిశీలించవలెనని ప్రార్థన. మొన్న మెషిన్ కింద నూనె కారడం మొదట చూసినది నేను. వెంటనే మామయ్య దగ్గరికి వెళ్లి, ఏ అలంకారమూ లేకుండా, "కింద నూనె కారుతోంది" అన్నాను. ఆయన మూత ఎత్తలేదు. పక్కకు జరగమన్నట్టు చెయ్యి ఊపారు. మళ్లీ చెప్పాను. మళ్లీ ఊపారు. ఆలస్యమైతే ఎవరైనా జారిపడతారని భయపడి అదే మాట ఆ అమ్మాయికి చెప్పాను. ఆమె వెళ్లి నా మూడు మాటలే అంది. మామయ్య మూత ఎత్తి విన్నారు, మెషిన్ ఆపారు, వంగి చూశారు, లేచి ఆమె భుజం తట్టారు. "చూసింది తను" అని ఆమె నా వైపు వేలు చూపిస్తూనే ఉంది. అప్పటికే ఆయన మూత కిందికి దించేశారు.

అయ్యా, నేను అబద్ధం చెప్పి శిక్ష పొందితే సహించగలను. నేను చెప్పిన నిజం ఇంకొకరి నోట పడ్డాకే నిజమవుతుంటే ఎలా సహించాలో నాకు తెలియడం లేదు.

8. ఇంటి సంగతులు కార్యాలయ పరిధిలోకి రావని ఎరుగుదును. అయినను సందర్భము ఉన్నందున రాయుచున్నాను.

సాయంత్రం ఇంటికి రాగానే మామయ్య పెరట్లో కుళాయి దగ్గర చేతుల జిడ్డు వదిలించుకుంటారు. సబ్బు అందించేది నేను. అందిస్తూ ఆ రోజు నేర్చుకున్న కొత్త మాట ఒకటి చెప్పేవాడిని. ఆయన తిరిగి చెప్పేవారు, షెడ్డు పద్ధతిలోనే. నేను "అందింది" అన్నాకే చేతులు కడుక్కునేవారు. అర్థం అడిగి తెలుసుకొని మర్నాడు అత్తయ్య మీద ప్రయోగించేవారు. "నిష్కర్షగా చెబుతున్నా, టీలో పంచదార తక్కువైంది." మామా మేనల్లుళ్లకు వేరే పని లేదని అత్తయ్య విసుక్కునేది గాని, ఆ మాటలన్నీ ఆవిడకూ వచ్చేశాయి.

ఇప్పుడు కూడా సబ్బు నేనే అందిస్తున్నాను. కొత్త మాటా చెబుతున్నాను. "ఊఁ" అంటారు. "ఊఁ" అంటే తిరిగి చెప్పినట్టు కాదని ఈ పద్ధతి పెట్టిన ఆయనకు తెలియదా? మొన్న "తాదాత్మ్యం" అన్నాను. "తువ్వాలు" అన్నారు. తువ్వాలు ఇచ్చాను. అల్లుడూ అనే పిలుపు కూడా పోయింది. "ఇదిగో" అంటున్నారు. గేటు మనిషిని కూడా ఆయన "ఇదిగో" అనే పిలుస్తారు.

సెలవు రోజున ఆ అమ్మాయి మా ఇంటికి వచ్చింది. మామయ్యే రమ్మన్నారట. భోజనాల బల్ల మీద స్టీలు గ్లాసును చెంచాతో తట్టి, అచ్చు సరిగా మూసుకుంటే ఎలా మోగుతుందో, సందు ఉంటే ఎలా మోగుతుందో ఆమెకు నేర్పారు. ఆమె తిరిగి తట్టి వినిపించింది. ఆయన తృప్తిగా తల ఊపారు. నేను చదువుకునే బల్ల అది. ఆ గ్లాసు నాది.

అత్తయ్య నన్ను వంటింట్లోకి పిలిచి, "ఏరా, కుళ్లుకుంటున్నావా?" అని అడిగింది.

"లేదత్తయ్యా, తలనొప్పిగా ఉంది."

"తలుపు వెనకాల నిలబడితే వస్తుందిలే తలనొప్పి" అని టీ గ్లాసులు నా చేతికిచ్చి, తీసుకువెళ్లి వాళ్లకు ఇవ్వమంది. ఇచ్చాను.

తరువాత నిఘంటువు తీసి కూర్చున్నాను. అసూయ, ఈర్ష్య, మాత్సర్యం, ఓర్వలేనితనం, ఒక్కొక్కటే నాకు నేను పెట్టుకొని చూశాను. ఒకటి బిగుతుగా ఉంది, ఒకటి మరీ గొప్పగా ఉంది. అత్తయ్య అన్న మాటే సరిపోయింది. కావున ఈ అర్జీ కుళ్లుతో రాసినదేనని ఇందుమూలముగా అంగీకరించుచున్నాను. అంత మాత్రాన ఇందులోని సంగతులు అబద్ధాలు కావు.

9. ఆ అమ్మాయి చేతిరాత కూడా బాగుంటుంది. ఇది ఫిర్యాదు కాదు. వరుసలో వచ్చేసింది.

పైన తెలిపిన కారణముల వలన తమరు దయయుంచి మాట అందించే పనిని నాకు తిరిగి ఇప్పించవలెను. ఇక మీదట నాకు ఇచ్చిన మాటను మడత నలగకుండా చేరవేస్తాను. దారిలో విప్పి చూసుకోను. నా సొంత వాక్యాలు నా దగ్గరే ఉంచుకుంటాను. వాటికి వేరే చోటు చూసుకుంటాను. ఇరుక్కుంటే ముందు ఏం చేస్తావని నేను కూడా అడుగుతాను, ఆ ప్రశ్న ఆమెది అయినప్పటికీ. పసుపుపచ్చ చెవి మూతల విషయంలో విచారణ జరిపించవలెను. మామయ్య కొత్త షెడ్డుకు ఎవరిని తీసుకువెళతానని తమకు చెప్పినా, ఆ మాటను ఖరారు చేసే ముందు నన్ను ఒకసారి వినమని ఆయనకు ఉత్తర్వు ఇవ్వవలెను. వినమని ఉత్తర్వు ఇవ్వడం నియమావళిలో ఉందో లేదో నాకు తెలియదు. లేకపోతే చేర్చవలెను.

చిత్తగించవలెను, చిత్తగించినది మా షెడ్డు పద్ధతిలో నాకు ఒకసారి తిరిగి చెప్పవలెను.

తమ విధేయుడు,
మాట అందించే పనిలో మునుపు ఉన్నవాడు,
బకెట్ల విభాగం.

తాజా కలం: ఈ అర్జీని తమ గుమాస్తా గారు వెనక్కి ఇచ్చారు. విభాగంలో తోటి శిక్షణార్థి ఒకరు చదివి సాక్షి సంతకం చేస్తేనే తీసుకుంటారట. నేను పైన రాసినట్టు, మా విభాగంలో ఉన్నది మేమిద్దరమే.

వేరే దారి లేక ఆమెకే ఇచ్చాను. మెట్ల దగ్గర నిలబడి మొదటి నుండి చివరి దాకా చదివింది. చెవి మూతలు మెడలోకి జారి ఉన్నాయి. తొమ్మిదో అంకె దగ్గర కొంచెం నవ్వినట్టు అనిపించింది. కోపం వస్తుందని ఎదురుచూశాను, రాలేదు. కాగితాలు సర్ది, పద్ధతి ప్రకారం చదివినది తిరిగి చెబుతానంది.

"మామయ్య నాతో మునుపటిలా మాట్లాడటం లేదు. నాకు బాధగా ఉంది. అంతేనా?"

ఏదైనా వదిలేసిందేమోనని వెతికాను. దేనినైనా కలిపిందేమోనని వెతికాను. ఇన్ని పుటలు రాసినవాడిని, చాలాసేపు వెతికాను. చివరికి "అందింది" అన్నాను.

"ఇది ఆయనకి చెప్పావా?"

"లేదు."

"మరి ఆఫీసరు గారికి చెబితే ఆయనకెలా అందుతుంది?"

కలం తీసి ఆమెకు అందించాను. ఆమె సంతకం పెట్టింది. పెడుతూ, కాగితం మీద నుండి తల ఎత్తకుండా, ఇంకొకరి మాట చేరవేయడమే తప్ప సొంత మాట చెప్పడం తనకూ చేతకాదంది. ఈ మూతలు తనకు పెద్దవని ఇన్నాళ్లయినా మామయ్యకు చెప్పలేకపోయిందట. ఇది విని నాకు కొంచెం సంతోషం కలిగింది. కలగకూడదని తెలుసు.

షిఫ్టు మారే వేళ దగ్గర పడింది. ఈ కాగితాలు తమ బల్ల మీద ఉంచి కిందికి వెళుతున్నాను. తమ గది అద్దంలోంచి చూస్తే నాలుగో మెషిన్ నేరుగా కనబడుతుంది. నేను మామయ్య ఎదుట నిలబడి, ఆ అమ్మాయి చెప్పిన ఆ రెండు వాక్యాలే చెబుతాను. ఒక మాట కలపను, ఒక మాట తీయను. దయచేసి కిటికీ దగ్గరికి వచ్చి చూడవలెను. ఆయన కుడి చెవి మీది మూత ఎత్తితే ఈ అర్జీని చించివేయవచ్చును.

ఎత్తకపోతే, ఒకటవ ఫిర్యాదు నుండి చర్య తీసుకొనవలెను.